మొదటి డిస్క్ లేని గంట

లాగేశాను. అరచేతిలో ఇమిడే డిస్క్, ఇంకా వెచ్చగానే ఉంది. బల్ల మీద పరిచిన పాత తువ్వాలు మీద పడుకోబెట్టాను, పెట్టాక కూడా వేళ్ళకి ఆ వెచ్చదనం అంటుకునే ఉంది, మూడు నిమిషాల కిందటి దాకా తిరుగుతూనే ఉంది కదా పాపం. దాని మీద తెల్ల కాగితం అంటించి ఒకటి అని నేనే రాశాను, నా అంకెలు నాకే నచ్చవు, ఒకటికి కూడా తల వంకర. రెండోది సర్వర్ లోపలే ఉంది. ఇక స్విచ్ నొక్కాలి. ఒంటిగంటా ఏడు నిమిషాలు. ఉదయం బ్యాచ్ వాళ్ళు వెళ్ళిపోయారు, గోడవతల దుప్పట్లు దులుపుతున్న చప్పుడు వినిపిస్తోంది, రెండుంబావుకి మధ్యాహ్నం బ్యాచ్ పద్దెనిమిది మంది డయాలసిస్‌కి వస్తారు. ఎవరి ఒంట్లోంచి ఎంత నీరు తీయాలి, ఎవరికి ఏ మందు పడదు, ఎవరికి ఏ చేతికి సూది గుచ్చాలి, అంతా ఈ ఒక్క సర్వర్లోనే ఉంది. అది ఇప్పుడు రెండో డిస్క్‌తో మాత్రమే లేవాలి, ఒంటి కాలి మీద. లేస్తే ఇవాళ మనిషిలా ఇంటికెళ్తాను. లేవకపోతే ఒకటోదాన్ని మళ్ళీ లోపలికి తోసి నడిపించాలి, తోసినా లేవకపోతే అన్న మాట మాత్రం నేను పైకి అనలేదు, పెద్ద సిస్టర్ ఉన్నప్పుడు అసలే అనలేదు.

పెద్ద సిస్టర్ అంటే ఈ వార్డుకి యజమానురాలి లెక్క. పొద్దున ఆవిడ చెప్పులు టకటకలాడించుకుంటూ ఈ గదిలోకి వచ్చి, "నడుస్తున్నదాన్ని ఎందుకు కెలుకుతావే తల్లీ, అది నిన్నేమైనా అడిగిందా?" అన్నారు. అడగలేదు సిస్టర్, అడిగే రోజు వస్తే అప్పుడు మన దగ్గర టైము ఉండదు అన్నాను. "నీ అనుమానాలు నిన్ను ముసలిదాన్ని చేస్తాయి," అన్నారు, ఈ ఆస్పత్రిలో నా పేరే అనుమానాల అక్క, జీతం కాగితం మీద తప్ప నా అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. గంట ఇవ్వండి అని మూడు నెలలుగా అడుగుతున్నాను, గంటంటే గంటే ఇచ్చారు. ఆవిడది కోపం కాదు, భయం. నాదీ అదే, నేను దానికి పనిముట్లు కొనుక్కున్నాను అంతే.

నొక్కాను. ఫ్యాన్లన్నీ ఒక్కసారి అరిచి, ఆ తరవాత సర్దుకున్నాయి. ఈ యంత్రం పెద్దది, లేవగానే నాలుగు నిమిషాల పాటు తన జ్ఞాపకాన్నంతా తడిమి చూసుకుంటుంది, అప్పటిదాకా తెర మీద ఏమీ ఉండదు, ఒక చుక్క వెలిగి ఆరుతుంది, వెలిగి ఆరుతుంది. దాన్ని చూస్తూ కూచోవడం తప్ప చేసేదేమీ లేదు. కిందటిసారి ఈ చుక్కని చూసింది ఇది లేవని రోజున. మూడు నెలలైంది. కరెంటు వాళ్ళు ఏదో బాగు చేయాలని అరగంట ఆపారు, తిరిగి ఇచ్చాక అన్నీ లేచాయి, ఇది లేవలేదు. పాత ఒకటో డిస్క్ ఆగి మళ్ళీ తిరగలేక చచ్చిపోయింది. అందులో వింతేముంది, డిస్కులు పోతూనే ఉంటాయి, అందుకే కదా రెండు పెట్టేది, ఒకదాని మీద ఏం రాసినా అదే క్షణంలో రెండోదాని మీదా అదే పడుతుంది, మా వాళ్ళు దాన్ని అద్దం అంటారు. రెండోదాంట్లో అంతా ఉంది, పద్దెనిమిది మందివీ ప్రతి అంకె, ప్రతి మందు, ఒక్క అక్షరం తప్పిపోలేదు. అయినా తెర మీద ఒకే ముక్క, మొదలుపెట్టడానికి ఏమీ దొరకలేదు అని.

తప్పు నాదే. ప్రతి డిస్క్ మొదట్లో అద్దానికి అందని చిన్న భాగం ఒకటి ఉంటుంది, కరెంటు రాగానే యంత్రం దాన్నే అడుగుతుంది, నేనెవరిని, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను అని. మిగతాదంతా అద్దమే చూసుకుంటుంది, ఆ చిన్న భాగాన్ని మాత్రం మనిషి చేత్తో రెండు డిస్కుల మీదా విడివిడిగా పెట్టాలి. అంతకు ముందు ఏడాది రెండో డిస్క్ కొత్తది వేసింది నేనే, ఆరు గంటలు కూచుని నకలు పూర్తయ్యేదాకా చూశాను, రెండూ క్షేమం అని తెర మీద పడగానే ఇంటికి వెళ్ళి గుర్రు పెట్టి నిద్రపోయాను. ఆ చిన్న భాగం పెట్టలేదు. పెట్టలేదని తెలియలేదు కూడా, ఎందుకంటే యంత్రాన్ని ఆపలేదు, నాలుగు వందల పన్నెండు రోజులు ఆగకుండా నడిచింది, అదొక గొప్పలా క్యాంటీన్‌లో చెప్పుకు తిరిగాను. దీన్ని నడిపే లినక్స్ అంటే ఇదీ అని ఎక్స్‌రే వాళ్ళ ముందు మీసం మెలేశాను, లేని మీసం. ఆగకుండా నడవడం వేరు, ఆగి లేవడం వేరు అని నలభై నాలుగేళ్ళొచ్చాక తెలిసింది నాకు. ఆ రోజు ఆ చిన్న భాగాన్ని చేత్తో పెట్టి లేపడానికి మూడు గంటల యాభై నిమిషాలు పట్టింది.

ఆ మూడు గంటల యాభై నిమిషాలూ మధ్యాహ్నం బ్యాచ్ టైలరమ్మ వరండాలో కూచుంది. కొందరిని వేరే ఆస్పత్రికి పంపారు, ఈవిడ వెళ్ళనంది, నా సంగతంతా మీకే తెలుసు, కొత్త చోట నేనేం చెప్పుకుంటాను అంది. వారానికి మూడుసార్లు వస్తుంది, ఎప్పుడూ అందరికన్నా ముందే, సంచిలో కుట్టుపని పెట్టుకుని, ఎవరో ఒకరి జాకెట్టుకి హుక్కులు వేస్తూ. ఆ రోజు సూది పట్టుకోలేదు. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టక వాటిని పక్కన పెట్టుకుంది, ఊపిరి కొంచెం బరువుగా తీస్తోంది, నేను తీగలు పట్టుకుని అటూ ఇటూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే నన్ను పిలిచి, "నీళ్ళు తాగావా అమ్మాయ్?" అని అడిగింది. గుక్కెడు నీళ్ళు లెక్కపెట్టుకుని తాగాల్సిన మనిషి. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. ఎవరికీ ఏమీ కాలేదు, అందరూ అదే అంటారు, ఏమీ కాలేదుగా ఇక వదిలెయ్ అని. ఆ పాదాలు నాకు కనిపిస్తూనే ఉంటాయి.

చుక్క ఇంకా వెలిగి ఆరుతోంది. రెండో నిమిషం. నాన్న ఈ పాటికి భోంచేసి కిటికీ దగ్గర కుర్చీలో కూచుని ఉంటాడు. పొద్దున నేను బయల్దేరుతూ, "నాన్నా, ఇవాళ మా సర్వర్ ఒంటి కాలి మీద లేస్తుందో లేదో చూస్తాను," అంటే తలెత్తి చూశాడు, పెదవులు కదిలాయి, అమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "జా," అంది, నాన్న వెంటనే, "జాగ్రత్త," అన్నాడు. అంతే. పద్నాలుగు నెలలుగా మా ఇంట్లో మాట అలా పుడుతుంది. పక్షవాతం వచ్చిపోయాక కాలూ చెయ్యీ తిరిగొచ్చాయి, మాట ఆగిపోయింది. మాటలు పోలేదమ్మా, అన్నీ లోపలే ఉన్నాయి, మొదలుపెట్టడం పోయింది అన్నారు డాక్టరు గారు. ఆ మాట విన్నప్పటికి రెండో డిస్క్ సంగతి ఇంకా బయటపడలేదు, తరవాత బయటపడ్డాక గుర్తొచ్చి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈ పోలిక నాకు నచ్చదు. నాన్న యంత్రం కాదు. వద్దనుకున్న కొద్దీ వస్తుంది.

పైగా ఎదుటివాళ్ళకి మాట అందించడమే నాన్న చేసిన పని. పగలు గోడౌన్‌లో గుమాస్తా, సాయంత్రాలు నాటకాల బృందంలో ప్రాంప్టర్, ముప్పై ఒక్క ఏళ్ళు. తెర పక్కన ముక్కాలి పీట, చేతిలో చిన్న టార్చి, ఒళ్ళో నోటు పుస్తకం, ఎవరు ఎక్కడ తడబడతారో ఎర్ర పెన్సిల్‌తో గుర్తులు. రాజు వేషం వేసే లావుపాటాయన ప్రతి ఆటలోనూ "అయినప్పటికీ" దగ్గర ఆగిపోయేవాడట, నాన్న "అయి" అంటే చాలు, మిగతా పేజీ గడగడా చదివేసేవాడట. ఒకసారి ఆయన నాన్న ఏం చెబితే అది అనే మైకంలో ఉండి, "కొంచెం ఇటు జరుగు, కుర్చీ పడిపోతుంది," అని నాన్న గుసగుసగా చేసిన హెచ్చరికని కూడా రాజసంగా జనానికి వినిపించాడట, ఈ కథ చెబుతూ అమ్మ ఇప్పటికీ కొంగు నోట్లో కుక్కుకుంటుంది. నాన్న ఏనాడూ వేదికెక్కలేదు. ఆయన గొంతు జనానికి వినపడితే పని చెడినట్టే. ఆ గొంతు నాకు తెలుసు, ఊపిరికి కొంచెం ఎక్కువ, మాటకి కొంచెం తక్కువ. నాకు తొమ్మిదేళ్ళప్పుడు బడి వార్షికోత్సవంలో పద్యం మధ్యలో మర్చిపోయాను, తెర పక్కన నాన్నే ఉన్నాడు, కళ్ళు పెద్దవి చేసి ఆయన వైపు చూశాను, ఆయన చెప్పడే. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేంత సేపు నా వైపు చూస్తూ ఊరుకున్నాడు, అప్పుడు అందించాడు. ఇంటికి వచ్చే దారిలో చెయ్యి విదిలించుకుని, ఎందుకు ఆలస్యం చేశావ్ అని ఏడ్చాను. "నీకే వస్తుందేమోనని," అన్నాడు. మరీ ముందు అందిస్తే వేషగాడికి అవమానం, మరీ ఆలస్యమైతే నాటకానికి అవమానం, మూడు లెక్కపెట్టాలి అన్నాడు. నాకు ఆ లెక్క బొత్తిగా నచ్చలేదు.

తెర వెలిగింది. వెలిగింది, ఆ చిన్న భాగం దొరికింది దానికి, వరసలు పరుగెత్తుతున్నాయి, నేను లేచి నిలబడ్డాను. రెండో డిస్క్ తనంతట తాను మొదలుపెట్టింది. రెండింటిలో ఒకటే ఉంది, అయినా సాగుతున్నాను అని చెప్పి మరీ సాగింది, నా తల్లే అన్నాను పైకే. సాగుతూ సాగుతూ ఆగింది. ఒక్క వరస దగ్గర. ఎర్ర చుక్కలు అటూ ఇటూ ఊగుతున్నాయి, పక్కన సెకన్లు లెక్క, ఫలానా భాగం కోసం చూస్తున్నాను, ఒక నిమిషం ముప్పై సెకన్ల దాకా చూస్తాను అని. ఏ భాగం? చదివాను. మళ్ళీ చదివాను. తువ్వాలు మీద పడుకున్న ఒకటో డిస్క్ వైపు చూశాను. దాని కోసం. లేనిదాని కోసం ఎదురుచూస్తోంది. ఇరవై సెకన్లు, ముప్పై. లోపల ఎక్కడో ఒక చల్లటి గొంతు, అనుమానాల అక్క గొంతే, అది నువ్వు రాసిందే అంటోంది. నేనే. మూడు నెలల కింద ఆ కంగారులో, లేచినప్పుడు ఏ ఏ భాగాలు తప్పనిసరిగా ఉండాలో చెప్పే జాబితాలో కొత్త ఒకటో డిస్క్ గుర్తు రాసింది నేనే, అది లేకపోతే ఏం చేయాలో మాత్రం రాయలేదు. ఎనభై. ఎనభై ఎనిమిది. తొంభై అయింది, ఇక నా వల్ల కాదు అని పని ఆపేసి రహస్య పదం అడిగింది.

ఈ గంట ఇవాళ దొరక్కపోయి ఉంటే అనుకున్నాను. ఈ తొంభై సెకన్లు ఏ రోజో మంచాల మీద మనుషులుండగా వచ్చి ఉంటే. రహస్య పదం రెండోసారికి గానీ సరిగ్గా పడలేదు. జాబితా తెరిచాను, ఆ వరస దొరికింది, చివర ఒక్క మాట చేర్చాలి, నోఫెయిల్, అంటే దొరికితే సరే, దొరక్కపోతే ఆగిపోకు అని. ఒక్క మాట. చేర్చి, ఇంకెక్కడైనా ఇలాంటిది రాశానేమోనని జాబితా అంతా రెండుసార్లు చదివి, మళ్ళీ మొదటి నుంచి లేపాను. ఒంటిగంటా ఇరవై తొమ్మిది. మళ్ళీ నాలుగు నిమిషాల చుక్క. దొరక్కపోతే ఆగిపోకు. ఎల్లుండి అమ్మకి మోకాలి ఆపరేషన్. వారం రోజులు ఆస్పత్రిలో, ఇంట్లో నాన్నా నేనూ. ఏ మాటకి ఏ అక్షరం అందించాలో కాగితం మీద రాసివ్వమ్మా అంటే, "రాసేదేముందే, ఆయన మొహం చూస్తే నోటికొస్తుంది," అంటుంది. అమ్మ "నీ" అంటే నాన్న "నీళ్ళు" అంటాడు. నేను "నీ" అంటే కిటికీ వైపు చూస్తాడు. కిందటి ఆదివారం అమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు ప్రయత్నించాను, ఆయన పెదవులు కదులుతున్నాయి, నాకు ఓపిక లేదు, భయం, "నీ" అన్నాను, "నీళ్ళా" అన్నాను, "మందులా, ఫ్యానా, దుప్పటా" అని వరసగా అన్నీ అనేశాను. నాన్న చెయ్యి ఎత్తి నన్ను ఆపి, మొహం అటు తిప్పుకున్నాడు. వెనకాల స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు. నాకు ఆ చెయ్యి మీద కోపం వచ్చింది, తరవాత నా మీద వచ్చింది.

తలుపు తెరుచుకుంది, పెద్ద సిస్టర్. "ఏంటి, లేచిందా?" నాలుగు నిమిషాలు ఆగండి సిస్టర్. "టైలరమ్మ అప్పుడే వచ్చేసింది, వరండాలో కూచుంది. నువ్వు యంత్రాన్ని ఆపావని ఎవరో ఆవిడకి చెప్పారట, అమ్మాయిని కంగారు పెట్టకండి అంటోంది నాతో, నాతో!" అని మూతి తిప్పి, వెళ్ళకుండా అక్కడే నిలబడ్డారు, స్టూలు లాగి ఇస్తే కూచోలేదు, నా కుర్చీ వీపు మీద చెయ్యి వేసి పట్టుకున్నారు. ఇద్దరం చుక్కని చూశాం. ఆవిడ గడియారం టిక్కుటిక్కుమంటోంది నా చెవి పక్కన. తెర వెలిగింది. వరసలు. రెండింటిలో ఒకటే ఉంది, సాగుతున్నాను. సాగింది. ఆ వరస వచ్చింది, ఒకటో డిస్క్ భాగం దొరకలేదు అని ఒక్క ముక్క చెప్పి దాటేసింది. దాటేసింది! ఆ తరవాత ఒకటొకటిగా అన్నీ లేచాయి, చివర్న వార్డు ప్రోగ్రాము లేచింది. సిస్టర్ వంగి, తన వేలితోనే టైలరమ్మ పేరు కొట్టారు. వచ్చింది. ఏ చెయ్యో, ఎంత నీరో, పడని మందేదో, అన్నీ. ఆవిడ నా నెత్తి మీద ఒక్క మొట్టికాయ వేసి, "అన్నం తిని చావు," అని వెళ్ళిపోయారు. ఒకటోదాన్ని మళ్ళీ లోపలికి తోశాను, నకలు మొదలైంది, అద్దంలోకి అది నెమ్మదిగా తిరిగి వస్తోంది, నూటికి ఒక వంతు, ఒకటిన్నర. ఒంటిగంటా నలభై ఒకటి.

అన్నం డబ్బా తెరవాలి, ఆకలేస్తోంది. డబ్బా తెరవలేదు, ఫోన్ తీశాను. అన్నీ బాగున్నప్పుడే లాగి చూడాలి అని మూడు నెలలుగా నేను అందరికీ చెబుతున్నాను కదా.

"అమ్మా, ఫోన్ నాన్నకిచ్చి నువ్వు వంటింట్లోకి వెళ్ళు."

"ఎందుకే? నేను పక్కన లేకపోతే ఆయన మాట్లాడరుగా."

"అందుకే. తలుపు కూడా వేసుకో."

అర్థమైంది ఆవిడకి, అమ్మకి అర్థం కానిదంటూ ఏముంది. "మరీ తొందరపెట్టకు ఆయన్ని," అంది, గొంతు చిన్నది చేసి. కుర్చీ జరిగిన చప్పుడు, మోకాళ్ళు పట్టుకుని అమ్మ నడిచే నడక, తలుపు. ఆ తరవాత నాన్న ఊపిరి. నాన్నా అన్నాను. "అ," అన్నాను, అన్నం తిన్నాను అని ఆయన చేత అనిపించడానికి. ఊపిరి. "తి," అన్నాను. ఊపిరి కొంచెం వేగం పెరిగింది, ఆ చెయ్యి లేవబోతోందని నాకు ఇక్కణ్ణుంచే తెలిసిపోయింది. ఇక అందించడం మానేశాను. ఆయన్ని పరీక్షించడానికి కాదు ఫోన్ చేసింది అనుకున్నాను, పొద్దున చెప్పిన సంగతి చెబుదాం, జవాబు రాకపోయినా వింటాడు కదా. "నాన్నా, ఇవాళ మా సర్వర్," అన్నాను, అంతే. టైలరమ్మ పాదాలు, కుర్చీ మీద సిస్టర్ చెయ్యి, ఎల్లుండి తెల్లకోటు వాళ్ళు అమ్మని బండి మీద తోసుకుపోవడం, అన్నీ ఒకేసారి గొంతులోకి వచ్చి కూచున్నాయి, నోరు తెరిచి ఉంది, మాట లేదు. ఆ ఒక్క మాట రాలేదు నాకు. అవతల ఊపిరి ఆగింది. ఒకటి. రెండు. మూడు.

"లేచింది," అన్నాడు నాన్న.

మెల్లగా, ఊపిరికి కొంచెం ఎక్కువ, మాటకి కొంచెం తక్కువ, జనానికి వినపడకుండా.

"లేచింది నాన్నా," అన్నాను. వంటింటి తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది.